రెండోసారి అడగని విమానం

మా ఇంట్లో ఎవరూ దేనికీ మొదటిసారే ఒప్పుకోరు. చాయ్ తాగుతారా అంటే వద్దంటారు. ఆ వద్దు వద్దు కాదు, మర్యాద. అడిగినవాళ్లు "అట్లంటె ఎట్ల, జర తాగుండ్రి" అని ఇంకోసారి అనాలి. అప్పుడు "సరె, మీ మాటెందుకు తీసెయ్యాలె" అంటూ గ్లాసు అందుకోవాలి. మొదటి మాట మర్యాదకు, రెండో మాట నిజానికి. అమ్మ ఈ విద్యలో ఆరితేరింది. చిన్నప్పుడు మేము పడి మోకాళ్లు చీరుకుని వస్తే "నొస్తాందా?" అనేది. లేదనేవాళ్లం. "నిజంగ?" అనేది. ఆ రెండోదానికి భోరుమనేవాళ్లం.

బాపు ఒకసారి హైదరాబాదులో ఎవరో ఆఫీసరు ఇంటికి పోయి ఆకలితో తిరిగొచ్చాడు. ఆ ఇల్లాలు "భోంచేస్తారా?" అని అడిగిందట. బాపు వద్దన్నాడట. ఆవిడ సరేనని లోపలికి పోయిందట. అంతే. ఈ సంగతిని మా వాడలో చాలాకాలం విడ్డూరంగా చెప్పుకున్నారు. "ఒక్కసారే అడుగుతరట! ఏం మనుషులో ఏమో" అని ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

మాది వరంగల్‌లో కొత్తవాడ. బాపు నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాడు. పొద్దున్నే మగ్గం ముందు కూర్చుంటే ఇక ఇనుప పళ్ల పంజాతో నూలును దిగ్గొట్టే చప్పుడే. ఒక్క మా ఇంట్లో కాదు, వాడంతా అదే చప్పుడు. దాన్ని ఆపగలిగింది ఒక్కటే ఉండేది. పొద్దెక్కాక మా నెత్తి మీదుగా ఒక విమానం పోయేది. అది వినబడగానే మగవాళ్లు పంజాలు పక్కన పెట్టేవాళ్లు, ఆడవాళ్లు పొయ్యి మీద నీళ్లు పెట్టేవాళ్లు. దానికి మేము పెట్టుకున్న పేరు చాయ్ విమానం. మబ్బులు పట్టి అది రాని రోజున చాయ్ ఆలస్యమై, మగవాళ్లంతా విమానం కంపెనీని తిట్టేవాళ్లు.

"అది హైదరాబాద్‌కెల్లి కలకత్తకు పోతాంది. దాని తొవ్వ మన మీద్కెల్లే" అని తేల్చింది మా చిన్నబాపు. ఆయనకు డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే పని. కదిలేది ఏదైనా సరే, దాని టైము, తొవ్వ తనకు తెలియాలని ఆయన పట్టుదల. పట్టాలే లేనిదాని తొవ్వ ఈయనకెలా తెలిసిందని నాకు అనుమానంగానే ఉండేది కానీ, చివరికి ఆయన మాటే నిజమైంది.

డెబ్బైల చివర్లో కలకత్తాలో ఏదో చేనేత ప్రదర్శన పెట్టారు. జనం ముందు కూర్చుని జంపఖానా నేసి చూపించడానికి బాపును పిలిచారు. పోవడానికి విమానం, రావడానికి రైలు. తోడు ఒకరు రావచ్చన్నారు. బాపుకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు రాదు. నేను ఇంటర్ చదివాను కాబట్టి ఇంగ్లీషు వచ్చనుకుని నన్ను తోడిచ్చారు. నాకు వచ్చిన ఇంగ్లీషు పరీక్షలో రాసేదే తప్ప నోటితో మాట్లాడేది కాదని నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ రెండోసారి అడగలేదు కూడా.

మేము ఎక్కబోయేది చాయ్ విమానమే అని తెలిసిన రోజు అమ్మకు అన్నం సయించలేదు. 

"మీద్కెల్లి మన ఇల్లు కనబడ్తదా?" అని చిన్నబాపును అడిగింది. 

"ఇల్లు ఏం కనబడ్తది వదినా, కోట కనబడ్తది, చెర్లు కనబడ్తయి. ఇల్లు కనబడాలంటె ఇంతంత పెద్దది ఏదన్న గుర్తు ఉండాలె" అన్నాడాయన చేతులు చాపి.

అమ్మ సందూక తెరిచింది. పెళ్లయిన కొత్తలో బాపు ఆమె కోసం నేసిన జంపఖానా ఒకటి అందులో ఉండేది. ఎర్రటి నేల మీద నల్లవి, తెల్లవి చారలు. గదంత పెద్దది. ఎంత ఇబ్బందిలో ఉన్నా అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు, పెళ్లిళ్లకు తప్ప పరవనివ్వలేదు. 

"ఎదురింటి దాబా మీద పరుస్త. మీద్కెల్లి చూసి, కనబడ్డదో లేదో వచ్చి చెప్పాలె" అంది. 

ఇది విని వాడలో మిగతా ఆడవాళ్లు కూడా తమ తమ జంపఖానాలు బయటికి తీశారు. అమ్మ ఒప్పుకోలేదు. "అందరు పరిస్తె మాది ఏదో ఎట్ల తెలుస్తది? మీ మగోళ్లు పోయిననాడు మీరు పరుసుకోండ్రి" అనేసింది. వారం రోజులు ఆ వాడలో అమ్మతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

బాపుకు విమానమంటే భయం వేయలేదు, కలకత్తా అంటే భయం వేయలేదు. ఆయన బెంగంతా కిటికీ గురించే. బేగంపేటలో కౌంటరు దగ్గర నేను నోరు తెరవకముందే వంగి, "సాబ్, ఖిడ్కీ చాహియే" అన్నాడు. మా బాపు ఎవరూ అడగకుండా తనంతట తాను ఒకటి కావాలని అడగడం నేను చూసింది అదే మొదలు. కౌంటరు ఆయన నవ్వి కిటికీ సీటే ఇచ్చాడు. బాపు ఆ సీటు కార్డును రుమాలులో చుట్టి బొడ్లో దోపుకున్నాడు.

లోపల మాకు ఎదురొచ్చిన ఎయిర్ హోస్టెస్‌కు రెండు నవ్వులుండేవి. ఒకటి సూటుకు, ఒకటి ధోతికి. సూటు నవ్వు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు చాలాసేపు ఉండేది. ధోతి నవ్వు వస్తూ వస్తూనే అయిపోయేది. అప్పట్లో విమానం లేచే ముందు ట్రేలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చేవాళ్లు. ఆమె ట్రే బాపు ముందుకు చాపింది. 

"నక్కో బిడ్డా" అని వద్దన్నాడు బాపు, అలవాటుగా. 

ట్రే ముందుకు పోయింది. రెండోసారికి సిద్ధమై సగం లేచిన బాపు చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నేను గబుక్కున నాలుగు చాక్లెట్లు, గుప్పెడు దూది లాక్కున్నాను. బాపు ఆ దూదిని చెవుల్లో పెట్టుకోకుండా వేళ్ల మధ్య మెలేస్తూ దారం తీయడం మొదలుపెట్టాడు. హోస్టెస్ వెనక్కి తిరిగి చూసి, చంటిపిల్ల నేల మీద అన్నం పారబోస్తే పెద్దవాళ్లు పెట్టే ముఖం పెట్టింది.

ఇంతలో ఒక సూటాయన ఆలస్యంగా ఎక్కాడు. ఆయనకిచ్చిన సీటు నచ్చలేదో ఏమో, ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె పెద్ద నవ్వు నవ్వి, నేరుగా మా దగ్గరకొచ్చి మమ్మల్ని లేవమంది. వెనక్కి పోవాలట. బాపు బొడ్లోంచి రుమాలు తీసి, విప్పి, కార్డు చూపించాడు. ఆమె దానివైపు చూడనైనా లేదు. నేను కిటికీ, కిటికీ అని ఇంగ్లీషులో రెండు మూడుసార్లు అన్నాను. "అన్ని సీట్లూ కలకత్తాకే పోతాయి" అందామె ఇంగ్లీషులోనే. నాకు ఒళ్లు మండింది. దీటుగా ఏదన్నా అందామంటే నాకొచ్చిన ఇంగ్లీషులో సెలవు చీటీ రాయడం ఒక్కటే గుర్తొచ్చింది.

వెనక చివరి వరుసలో కూర్చోబెట్టారు. అక్కడ కిటికీ ఉండాల్సిన చోట గోడ ఉంది. బాపు ఆ గోడను చేత్తో తడిమి చూశాడు, ఎక్కడన్నా తలుపు లాంటిది తెరుచుకుంటుందేమోనని.

విమానం లేచింది. వరంగల్ ఎంతోసేపు కాదు, అర్ధగంట కూడా పట్టదని చిన్నబాపు ముందే చెప్పాడు. నేను తల మీదున్న గంట నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. ఆమె వచ్చి, ఏం కావాలని అడక్కుండా లైటు ఆర్పి పోబోయింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. పరీక్ష ఇంగ్లీషో, నోటి ఇంగ్లీషో, అందులో సగం తెలుగో, ఉన్నదంతా చెప్పేశాను. కింద మా ఊరొస్తుందని, మా అమ్మ ఎండలో నిలబడి ఉంటుందని, జంపఖానా పరిచి ఉంటుందని, మా బాపు దాన్ని చూడాలని.

ఆమె ముఖం కొంచెం మారింది. అబద్ధమెందుకు, మారింది. నాలుగు వరుసల ముందు ఒక కిటికీ సీటులో విమానంవాళ్ల బ్యాగులేవో పెట్టి ఉన్నాయి. అటు ఒకసారి చూసి, బాపు వైపు వంగి హిందీలో అడిగింది. "బాబా, కిటికీ దగ్గర కూర్చుంటారా?"

బాపు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే, చేతులు జోడించి, "నక్కో బిడ్డా. ఈడ మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆమె సరేనని తల ఊపి వెళ్లిపోయింది.

"బాపూ! ఎందుకు వద్దన్నవ్?"

"అడగంగనే ఎగబడి పోతమా? ఆగు, ఇంకోసారి అడుగుతది."

"అడగదు బాపూ! వీళ్లు అడగరు!"

"అడగకుంట ఎట్లుంటది? మనిషి కాదా?"

ఆ నమ్మకానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను లేచి ముందుకు పరుగెత్తాను. మా సీటులో సూటాయన కిటికీకి తెర దించేసి, ముఖం మీద రుమాలు వేసుకుని గురక పెడుతున్నాడు. ఆ రుమాలు గుంజి పారేయాలనిపించింది. బెల్టు లైటు వెలిగింది. హోస్టెస్ ఎదురొచ్చి, చిన్నపిల్లకు చూపించినట్టు వేలుతో నా సీటు చూపించింది. బ్యాగులున్న ఆ కిటికీ వైపు చేయి చాపి ప్లీజ్ ప్లీజ్ అన్నాను. "మీ నాన్నగారే వద్దన్నారు కదా" అంది.

తిరిగొచ్చేసరికి బాపు మెడ సాచి, ఎవరెవరి తలల మీదుగానో దూరంగా ఉన్న ఒక కిటికీలోకి చూస్తున్నాడు. అందులో తెల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు. కొంతసేపటికి చూడడం మానేసి, సరిగ్గా కూర్చున్నాడు. 

"చాయ్ యాళ్ల అయింది. నీళ్లు పెట్టి ఉంటరు" అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత నేను ఆ హోస్టెస్‌ను సగమే తిట్టుకుంటాను. సీటు గుంజుకోవడం ఆమె తప్పు. రెండోసారి అడగకపోవడం ఆమె ఊరి తప్పు.

కలకత్తాలో బాపు నేస్తుంటే జనం బాగానే చూశారు, బాగానే మెచ్చుకున్నారు. రైల్లో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన కిటికీ వదల్లేదు. ఏం చూస్తున్నావు బాపూ అంటే, "ఉన్నది గద, చూస్తాన" అన్నాడు. అమ్మకు ఏం చెప్తావని అడిగాను. చాయ్ వాడు వస్తున్నాడేమో చూడమన్నాడు. రెండోసారి అడిగితే నిజం చెబుతాడని నాకు తెలుసు. అందుకే అడగలేదు.

ఇంటికొచ్చేసరికి వాడంతా మా అరుగు మీదే ఉంది. అమ్మతో మాట్లాడని వాళ్లు కూడా వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న. 

"కనబడ్డదా?"

"కనబడకేం!" అన్నాడు బాపు, చాయ్ గ్లాసు పక్కన పెట్టి. "కోట కనబడ్డది. కోట దాటంగనే ఇగ చూసుకో, ఎదురింటి దాబా మీద ఎర్రగ, అగ్గిపెట్టెంత! చారలు గూడ కనబడ్డయి."

అందరూ అబ్బా అన్నారు. ఎదురింటామె మాత్రం, "అదేంది, మా దాబా మీద ఆనాడు మిరపకాయ..." అంటూ మొదలుపెట్టింది. అమ్మ ఆమె చేతిలో ఒక ఖాళీ గ్లాసు పెట్టి, "చెల్లె, జర నీళ్లు పట్టుకరాపో" అని లోపలికి పంపింది.

నేనూ వెనకే పోయి అడిగాను. ఎదురింటివాళ్లు ఆనాడు దాబా నిండా మిరపకాయలు ఆరబోశారట. అమ్మ వాళ్లను బతిమాలలేక, జంపఖానాను నెత్తిన పెట్టుకుని, నూలు ఆరేసే మైదానం దాకా పోయిందట. అక్కడ పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టిందట. విమానం వచ్చినప్పుడు కొంగు విప్పి ఊపిందట. "పోయినంక గూడ ఊపుకుంటనే ఉన్నది. ఇగ చాలక్కా, పోయిందక్కా అని ఎంబడి పోయిన నేనే చెయ్యి వట్టి ఆపిన" అంది ఎదురింటామె.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. బాపు మగ్గం ముందు కూర్చుని ఊరికే పంజా తుడుస్తున్నాడు. అమ్మ జంపఖానాను తెచ్చి ఆయన ఎదురుగా మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"కనబడ్డదా?"

"కనబడ్డది" అన్నాడు బాపు.

నేను గడపలో నిలబడి ఎదురుచూశాను. బాపు కూడా పంజా తుడవడం ఆపి ఎదురుచూశాడు. అమ్మ జంపఖానాను సందూకలో పెట్టి మూత వేసింది.

"చాయ్ తాగుతవా?" అంది.

"వద్దు."

"అట్లంటె ఎట్ల, జరంత తాగు" అని పొయ్యి దగ్గరికి పోయింది. జంపఖానా సంగతి మాత్రం ఆ రోజే కాదు, బతికినన్నాళ్లూ రెండోసారి అడగలేదు.