నాయన చేతిలో రొట్టె పళ్లెం

నాకు దేవుడి మీద నమ్మకం పోయిందని నాయనకు ఫోన్‌లో చెప్పి ఉంటే సరిపోయేది. అలా చెయ్యలేదు. పలమనేరులో మా ఇంట్లో, ఆయన మరుసటి రోజు ఆరాధనకు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే చెప్పాను.

"రేపు చర్చికి వస్తా నాయనా. బల్ల మాత్రం తీసుకోను."

బల్ల అంటే మా చర్చిలో నెలకొకసారి పంచే రొట్టె, ద్రాక్షరసం. పాల కేంద్రంలో పనిచేసి రిటైరైన నాయన మా సంఘంలో ఒక పెద్ద. రొట్టె పళ్లెం పట్టుకుని వరస వరసకూ తిరగడమే ఆయనకు అన్నిటికంటే పెద్ద గౌరవం.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "పాస్టరయ్య ఏం చెప్పినాడో తెలుసునా నీకు? బిడ్డలు బల్లకు రాకుంటే ఆ సంఘపెద్ద పళ్లెం ముట్టుకునేదానికి లేదంట."

నాకు తెలుసు. అప్పటికే అలా ఒక పెద్దను తీసేశారు. ఒకప్పుడు మా చర్చిలో మోకాలికి మోకాలు తగిలేలా చాపల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఇప్పుడు కుర్చీలు వేసినా సగం ఖాళీ. బెంగళూరు పోయిన పిల్లలు అక్కడ ఏ చర్చి గడపా తొక్కడం లేదు, ఊళ్లో ఉన్నవాళ్లు ఆదివారం పదింటిదాకా లేవడం లేదు. పాస్టరుగారు భయపడి సంఘపెద్దల మీద పడ్డారు.

"అయితే మానెయ్ నాయనా. ఎవరి కోసం ఈ తిప్పలు?" అన్నాను. అనకూడని మాట. ఆయన ముఖం చిన్నబోయింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మీద విరుచుకుపడింది. "రవ్వంత రొట్టె నోట్లో ఏసుకుంటే నీ సొమ్మేం పోతాది? మీ నాయన అందరి ముందరా తల దించుకోవాల్నా?"

నాకు ఒళ్లు మండింది. తిరుపతి నుంచి నెలనెలా వచ్చి, మూడేళ్లుగా నేను చేస్తున్నది అదే. నాయన నా ముందు వంగి పళ్లెం చాపినప్పుడు ఆయన కళ్లలో ఎంత సంతోషమో. నాకేమో ఆయన్ను మోసం చేస్తున్నట్టుండేది. ఇక నావల్ల కాదని చెప్పి పడుకున్నాను.

ఆదివారం ఆడవాళ్ల వైపు మూడో వరసలో అమ్మ పక్కన కూర్చున్నాను. నాయన మొదటి వరస ముగించి రెండో వరసకు వచ్చాడు. పాస్టరుగారు కళ్లు మూసుకోకుండా మా వైపే చూస్తున్నారు. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. నాయన మా వరసకు వచ్చి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని నా ముందు ఆగాడు. అది చూశాక నా పట్టుదల నీరుగారిపోయింది. ఇంకొక్కసారి తింటే చచ్చిపోనులే అనుకుని చెయ్యి చాపాను.

నాయన పళ్లెం పైకెత్తేశాడు.

"వద్దులేమ్మా," అన్నాడు. "నా కోసం తినొద్దు."

నన్ను దాటి, పళ్లెం అమ్మ ముందుకు జరిపాడు. ఆమె ఏడుస్తూనే ముక్క తీసుకుంది. తర్వాతి వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆరాధన ముగిశాక పాస్టరుగారు అందరి ముందే అడిగారు. "ఏమప్పా, సొంత బిడ్డనే దాటేసి పోయినావే?"

"నా బిడ్డ నాతో నిజం చెప్పిందయ్యా. దాని చేత బల్ల ముందర అబద్ధం ఆడించలేను," అన్నాడు నాయన. పళ్లెం తుడిచి, గుడ్డ కప్పి, ఆయన చేతికిచ్చేశాడు.

మరుసటి నెల కూడా వెళ్లాను. వేరే ఆయన పళ్లెం పట్టుకున్నాడు. మగవాళ్ల వైపు చివరి కుర్చీలో నాయన, అదే తెల్లచొక్కాతో, తన వంతు కోసం దోసిలి పట్టుకుని కూర్చున్నాడు. నా వల్ల కదా అనిపించి ఏడుపు ఆగలేదు. పక్కనున్న పెద్దామె నాకు మళ్లీ నమ్మకం కలిగిందనుకుంది.

"దేవునికి స్తోత్రం తల్లీ," అంటూ నా వీపు నిమిరింది.