రక్తపరీక్షలో కాపీ

పత్తికొండ మార్కెట్లో టమోటా లారీ పైనుంచి వెల్లకిలా పడ్డాను. ఒక్క బాక్సు కూడా కిందికి జారలేదు, నేనే జారాను. నడుం కింద నుంచి కాళ్లు నావి కాకుండా పోయాయి. కర్నూలు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు గానీ, మళ్లీ నడుస్తానా అంటే అందరూ "చూద్దాం" అన్నారు.

నాలుగో రోజు, పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ వచ్చింది. వెన్నుపాముకు దెబ్బ తగిలాక రక్తంలో కొన్ని జన్యువులు చురుకవుతాయట, కొన్ని మందగిస్తాయట. వాటిని చూసి, ఎవరు ఎంతవరకు కోలుకుంటారో ముందే అంచనా వేయొచ్చేమోనని వాళ్ల ప్రయత్నం. రెండు రోజుల్లో రక్తం తీస్తామంది. సంతకం పెట్టాను. మా అమ్మ చెవిలో మాత్రం ఒక్క మాటే పడింది: కాళ్లు వస్తాయో రావో రక్తం చెప్పేస్తుంది.

ఇక నన్ను పరీక్షకు తయారు చేయడం మొదలుపెట్టింది. పొద్దున మేకకాళ్ల పాయ, మధ్యాహ్నం బీట్‌రూట్, సాయంత్రం ఖర్జూరాలు. అయినా నా మీద నమ్మకం కుదరలేదు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ని, ఆమెను అనడానికేమీ లేదు.

రక్తం తీసే రోజు నన్ను స్కానింగుకు తీసుకుపోయి తిరిగి తెచ్చేసరికి, నా మంచం మీద మా తమ్ముడు గొంతుదాకా దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. పక్కనే అమ్మ. కొత్తగా వచ్చిన నర్సమ్మ వాడి చేతికి పట్టీ బిగిస్తోంది. సూది కనబడగానే ఆ ఆరడుగుల మొనగాడు "అమ్మో!" అని ఒక్క దూకు దూకి తలుపు దగ్గర తేలాడు.

"వెన్ను విరిగినోడు యాడికి పోతాండాడమ్మా?" అంది నర్సమ్మ.

"ఇద్దరిదీ ఒకే రక్తం తల్లీ. ఎవురిది తీస్తే ఏముండాది?" అంది అమ్మ, తడుముకోకుండా.

కుట్లు లాగుతున్నా నవ్వాను. సంగతి తెలిసి డాక్టరమ్మ కూడా నవ్వింది. పోల్చి చూడడానికి దెబ్బ తగలనివాళ్ల రక్తమూ కావాలంది. తమ్ముడు కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు.

ఫలితం మాకు తెలియదు. ఆ పరిశోధనలో ఎవరికీ విడిగా చెప్పరట. ఏడాదయింది. ఎడమకాలి బొటనవేలు కాస్త కదులుతోంది. మిగతా పనులకు చక్రాల కుర్చీ ఉంది.

మొన్న అమ్మ నా కాళ్లకు నూనె రాస్తుంటే అడిగాను. "డాక్టరమ్మను మోసం చేస్తే కాళ్లొస్తాయనుకుంటివా అమ్మా?"

"ఆయమ్మను కాదురా, నిన్ను మోసం చేద్దామనుకుంటి," అంది తలెత్తకుండా. "కాళ్లు రావని రక్తం చెప్తే, నువ్వు నమ్మేస్తావని శానా భయమేసింది నాయనా."