గ్రూప్ ఫోటోలో పెళ్లికొడుకు

పెళ్లి ఫ్లెక్సీ అంటే మా ఇంట్లో ఎప్పుడూ గొడవే. ఎవరి మొహం వేయకపోయినా అలుగుతారు, వేస్తే చిన్నగా వేశారని అలుగుతారు. అందుకే మా అప్ప కూతురి పెళ్లికి, ప్రధానం రోజు పెరట్లో అందరం దిగిన గ్రూప్ ఫోటోనే పెద్దగా వేయించేద్దామన్నాను. అప్ప అంటే మా అక్క. ఆ ఫోటోలో పెళ్లికూతురు ఆడవాళ్లతో ముందు కూర్చుంది. పెళ్లికొడుకు పొడుగని అతన్ని వెనక వరసలో, మా మగపిల్లల మధ్య నిలబెట్టేశారు. అందరితో పాటు అతనూ పంచె కట్టాడు.

మా పిల్ల ఎచ్చెర్లలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. అతను మా సముద్రపు ఒడ్డు నేలల మీద పనిచేయడానికి అమెరికా నుంచి అక్కడికే వచ్చాడు. నల్లజాతివాడు.

ఆ ఆఖరి మాట చుట్టాలకి చెప్పడానికి మేం చాలా తంటాలు పడ్డాం. అమెరికా సంబంధం అనగానే చీపురుపల్లిలో మావాళ్లంతా మురిసిపోయారు. అతని ఫోటో చూశాక ఒక్కొక్కరూ చల్లబడ్డారు. “అమెరికా అన్నారు, ఇతనేటి ఇలాగున్నాడు?” అంది మా మేనత్త. ఆవిడ చెయ్యీ అతని చెయ్యీ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం నా తరం కాదు. ఆ మాట పైకే అనేశాను. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

అతనికి తల్లి ఒక్కతే. పెళ్లి దగ్గర పడ్డాక ఆవిడ వీడియో కాల్ చేసింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఇంగ్లీషు కూడా దంచేస్తానని మావాళ్ల నమ్మకం. ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆవిడ మర్యాదల గురించి, భోజనాల గురించి ఏమీ అడగలేదు. మీ ఊళ్లో చీకటి పడ్డాక మావాడు ఒంటరిగా నడిచి వెళ్తే ఎవరైనా ఆపుతారా అని అడిగింది. కొడుక్కి కారు నేర్పించినప్పుడే, పోలీసులు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచాలి, జేబులో చెయ్యి పెట్టకూడదు అని కూడా నేర్పించిందట. నేను తెలుగులో చెబుతుంటే మా అప్ప మొహం పాలిపోయింది.

“ఏటి తప్పు సేసేడని ఆపుతారు?” అంది.

“తప్పు సేస్తేనే ఆపుతారనుకుంటన్నావేటమ్మా?” అంది పెళ్లికూతురు.

పెళ్లికొడుకు తల్లి ఇంకో సంగతి చెప్పింది. కొడుక్కి మంచి చదువు చెప్పించాలని అప్పట్లో తెల్లవాళ్లుండే పేటలో ఇల్లు తీసుకుందట. ఏటా బడి నుంచి వచ్చే క్లాసు ఫోటోలో వాణ్ణి వెతుక్కోవాల్సిన పని ఎప్పుడూ పడలేదట. చూడగానే కనపడేవాడు. ఏ గొడవ జరిగినా అందరి కళ్లూ ముందు వాడి మీదే పడతాయని ఆ ఫోటో చూసినప్పుడల్లా భయపడేదట. మీ ప్రధానం ఫోటోలో మాత్రం కాసేపు వెతుక్కున్నానని నవ్వింది. పెళ్లికి వస్తానంది. కానీ వచ్చాక తన మనసు కుదరకపోతే ఆ మాట కొడుకుతో చెప్పేస్తానని కూడా అంది. అతను తల్లి మాట దాటడని మా పిల్లకి తెలుసు.

అప్పట్నుంచి నాకు స్థిమితం లేదు. ఏ పిల్లలు వెంటపడతారో, ఏ ముసలావిడ నోరు జారుతుందో అని వీధిలో గడప గడపకీ వెళ్లి చెప్పాను. చెప్పిన కొద్దీ ఇంకా ఎక్కువ చూస్తారేమోనని మళ్లీ భయం. అన్నీ ఆలోచించాను గానీ ఫ్లెక్సీ సంగతి తట్టలేదు.

ఆవిడ దిగే రోజు పొద్దున పెళ్లికొడుకూ నేనూ విశాఖ ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే వీధి మొదట్లో ఫ్లెక్సీ కడుతున్నారు. చూసి గతుక్కుమన్నాను. మా అందరి మొహాల మీదా పౌడరు డబ్బా బోర్లించినట్టుంది. పెళ్లికొడుకైతే గులాబీ రంగులోకి తిరిగాడు. మా దగ్గర ఇది ఎవరూ చెప్పకుండానే చేస్తారు. మొహాలు తెల్లబరచకపోతే షాపువాణ్ణే తిడతారు. పెళ్లికొడుకు ముందు నవ్వాడు. తర్వాత, అమ్మ ఇది చూడకుండా ఉంటే బాగుండునన్నాడు.

కారులోంచే షాపుకి ఫోన్ చేశాను. “పెళ్లికొడుకు రంగు మార్సీసేరేటండీ? ఉన్నోణ్ణి ఉన్నట్టే ఎయ్యండి. మేం వచ్చేసరికి కట్టించీయాల,” అని కేకలేశాను. అతను పాపం, బాగా రావాలనే చేశానన్నాడు. దారి పొడవునా మా బావకి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. కట్టేశారని బావ చెప్పాక గానీ ఊపిరాడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ కారు అద్దంలోంచి మనుషుల్ని చూస్తూ కూర్చుంది. నేను ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాను. వీధి మొదట్లో కారు ఆపమని దిగింది.

ఫ్లెక్సీలో పెళ్లికొడుకు ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు. షాపతను నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. అతని రంగొక్కటీ సరిచేశాడు. మిగతా అందరం పొద్దున ఎంత తెల్లగా ఉన్నామో అంత తెల్లగానూ ఉన్నాం. మా మధ్యలో అతనొక్కడే నల్లగా నిలబడ్డాడు.

ఆవిడ ఒక మొహం మీద వేలుపెట్టి ఎవరని అడిగింది. నేనేనన్నాను. నాకేసి చూసింది, మళ్లీ బొమ్మకేసి చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“ఇక్కడ కూడా వాణ్ణి వెతకక్కర్లేదన్నమాట,” అంది. వెళ్లి కారెక్కింది.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఆవిడ కాఫీ కూడా ముట్టకుండా కొడుకుతో గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మా అప్ప ఆ తలుపు ముందే కుర్చీ వేసుకు కూర్చుంది. ఇంకెందుకు, ఆ ఫ్లెక్సీ విప్పించేద్దామన్నాడు బావ.

“విప్పొద్దు బావా. మార్సాల్సింది అతన్ని కాదు, మనల్ని,” అన్నాను.

షాపుకి నేనే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఎవరినీ ముట్టుకోకుండా ఫోటో ఎలా ఉంటే అలా వేయమన్నాను. పెళ్లికూతుర్ని కూడానా అని అతను మళ్లీ మళ్లీ అడిగాడు.

పొద్దుగూకే వేళకి కొత్తది కట్టించాం. “పెళ్లికూతురేటి ఇంత నల్లగా అయిపోనాది,” అని గొణిగింది మా మేనత్త. పెళ్లి జరిగితే చాలు, ఎంత గొణిగినా పడతాననుకున్నాను. వెళ్లి గది తలుపు తట్టాను. ఆవిడ రానంటే ఏం చేయాలో నాకు తెలీదు. కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది.

వెలుతురు చాలదని బావ మోటారు సైకిల్ లైటు వేశాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి జరిగింది. వేలు వెనక వరస వెంట మెల్లగా నడిచి, మా మేనత్త కొడుకు మీద ఆగింది. కాదనుకుని కదిలింది. పెళ్లికొడుకు నవ్వి, తానెక్కడున్నాడో చూపించబోయాడు.

ఆవిడ అతని చెయ్యి పక్కకి తోసేసింది. “చెప్పకు,” అంది. “నన్ను వెతుక్కోనీ.”