వేషానికి పెన్సిల్‌తో రాసిన పేరు

పక్కింటి బాబాయిగారు పోయారని పిన్నిగారు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. కాల్ వదిలేసి, మా రెండిళ్ళ మధ్య ఉన్న గడ్డి దాటి పరుగెత్తాను. నాలుగేళ్ళుగా నేను ఆ గడ్డి దాటలేదు. ఎందుకో చెప్పుకోవాలి, నాకు సిగ్గుగా ఉన్నా సరే.

బాబాయిగారు రిటైరయ్యాక అమెరికన్ టీవీ సీరియళ్ళలో చిన్న చిన్న వేషాలు వేసేవారు. మేముండే కమ్మింగ్ ఊరికి, సీరియళ్ళు తీసే అట్లాంటా దగ్గరే కనుక, షూటింగులో మనవాళ్ళ మొహం కావలసినప్పుడల్లా ఆయనకు ఫోన్ వచ్చేది. ఎప్పుడూ అవే వేషాలు: గ్యాస్ స్టేషన్ ఓనరు, క్యాబ్ డ్రైవరు, మోటెల్ క్లర్కు. ముప్ఫై ఏళ్ళుగా ఈ దేశంలో శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడుతున్న మనిషికి ఇండియన్ యాస నేర్పడానికి ఒక అమెరికన్ని పెట్టారు. అతను పలికి ఇచ్చిన రికార్డింగు ఫోన్‌లో పెట్టుకుని గ్యారేజీలో తల ఊపుతూ సాధన చేసేవారు.

“నేను మామూలుగా మాట్లాడితే ఇండియన్‌లా లేదంటున్నారమ్మా,” అని నవ్వేవారు.

ఎపిసోడ్ వచ్చే రోజు పిన్నిగారు పులిహోర కలిపి మమ్మల్ని పిలిచేవారు. ఇరవై సెకన్ల వేషానికి అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

ఒకసారి గ్యాస్ స్టేషన్ ఓనరుగా ఆయన “నో రిఫండ్, మై ఫ్రెండ్” అన్నారు. ఆ ముక్క ఫోన్లలో తెగ తిరిగింది. స్కూల్ బస్సులో పిల్లలు అదే యాసలో మా అమ్మాయిని పలకరించడం మొదలుపెట్టారు. అది క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయి, గ్యారేజీలో ఉన్న ఆయన దగ్గరికి వెళ్ళాను.

“మీ వేషాల వల్ల మా పిల్ల నోరు విప్పడం లేదు బాబాయిగారూ. మన పరువు మనమే తీసుకుంటే వాళ్ళనేం అంటాం?”

ఆయన రికార్డింగు ఆపేశారు. “నిజమేనమ్మా,” అన్నారు, అంతే. ఆ తర్వాత ఆయన మళ్ళీ టీవీలో కనిపించలేదు. మొక్కలకు నీళ్ళు పోస్తూ, “పాప బాగుందా?” అని అడిగేవారు. నేను బాగుందని చెప్పి లోపలికి వచ్చేసేదాన్ని.

స్కూలుకి ఒక్క ఈమెయిల్ పెట్టలేదు నేను. ఆ డైలాగు రాసినవాళ్ళని ఒక్క మాట అనలేదు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఎదురు చెప్పని పెద్దాయన దొరికారు, ఆయన్ని అన్నాను.

పదో రోజు అయ్యాక పిన్నిగారు ఒక ఫోల్డర్ తెచ్చి మా అమ్మాయి చేతికిచ్చారు. అన్నీ ఆయన స్క్రిప్టు కాగితాలు. ప్రతి కాగితం మీదా “స్టోర్ ఓనర్”, “డ్రైవర్” అన్న అచ్చక్షరాల మీద గీత పెట్టి కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో తెలుగులో ఒక మనిషిని రాసుకున్నారు: పేరు, ఊరు, పిల్లలెందరు, ఏం చదివాడు. అవేవీ టీవీలో రావని ఆయనకు తెలుసు.

చివరి కాగితం నేను ఆయన్ని అన్న తర్వాతి వారానిది. మామూలు మాటతీరుతో చేస్తానని ఆయన అడిగారని, కుదరదని షూటింగువాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారని పిన్నిగారు చెప్పారు. నాకు ఒక్క మాటైనా చెప్పలేదాయన.

మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఆ కాగితం నా ముందు పెట్టి, “తాతగారు ఏం రాశారు మామ్?” అంది.

పైకి చదివాను. “మోటెల్ క్లర్కు. పేరు సుబ్బారావు. ఊరు తెనాలి. పక్కింట్లో ఒక పాప ఉంది. ఆ పాప ఇది చూస్తుంది.”

చివరి మాట కింద పెన్సిల్‌తో రెండు గీతలున్నాయి.