మనుషులొస్తే ఆగిపోయే మిషను

మా పక్కింటి సైన్సు మాస్టారు పోయారని తెలిసినప్పుడు నేను అంబాజీపేటలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. వారి ఆవిడ, మేమంతా టీచరుగారు అని పిలుచుకునే ఆవిడే ఫోన్ చేశారు. "మాస్టారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయేరమ్మా" అన్నారు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వుకున్నాను. ఆయన తలపుకొస్తే ముందు ఆ మిషనే గుర్తొస్తుంది మరి.

రాజోలు దగ్గర మా వీధిలో కంప్యూటరున్న ఇంటిని వింతగా చూసే రోజులవి. రిటైరయ్యాక ఆయన పాత ప్రింటర్ల మోటార్లు సంపాదించి సీఎన్‌సీ మిషను తయారు చేసుకున్నారు. కంప్యూటర్లో ఏం గీస్తే అది చెక్క మీద చెక్కేస్తుంది. పదిమందీ చూడాలని దాన్ని ముందుగదిలోనే పెట్టారు.

కొత్త చర్చి గుమ్మం మీదికి పేరు పలక తానే చెక్కి ఇస్తానని అందరి ముందూ మాట ఇచ్చేశారు. అక్కడ మొదలైంది తంటా. సగం అక్షరాలు అయ్యేసరికి కంప్యూటర్‌కీ మిషనుకీ మధ్య కనెక్షన్ తెగిపోయేది. మళ్లీ మొదలుపెడితే అక్షరం పక్కకి జరిగిపోయేది. బంగారం లాంటి టేకు పలకలు రెండు అలాగే పాడయ్యాయి. మిగిలింది ఒక్కటి. ఆదివారం చర్చి ప్రారంభం.

ఇంకో విడ్డూరం. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అది బుద్ధిగా నడిచేది. ఎవరైనా చూడ్డానికొస్తే కాసేపటికి ఆగేది. ఎవరూ రాని రోజేమో ఆ ఇంటికి లేదు.

కేబులూ కంప్యూటరూ అన్నీ ఒకేసారి మార్చి పారెయ్యమని మేం సలహాలిచ్చాం. సలహాకేం, ఊరికే వస్తుంది. ఆయన వినలేదు. "ఒక్కటే మార్చి చూడాలమ్మా. రెండు మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు" అనేవారు. పనికిరాని చెక్క పెట్టి, పొట్టి కేబుల్ వేసి చూశారు. కంప్యూటర్ నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చి చూశారు. ఊహూ.

మా అత్తగారు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి పట్టుకొచ్చారు. "దిష్టండి మాస్టారూ. ఊరందరి కళ్లూ దీని మీదే ఉన్నాయండి."

టీచరుగారు ఆ దండ వంక ఓసారి చూసి, తాను ప్రార్థన పెట్టిస్తానన్నారు. మాస్టారు ఇద్దరి మాటా కాదనలేదు.

"ఆయ్, అలాగేనండి. ఇవాళ నిమ్మకాయ, రేపు ప్రార్థన. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏది పనిచేసిందో నేనెలా చెప్పనండీ?"

మిషను రెండు రోజులూ ఆగింది.

శుక్రవారం నేను తుమ్ముకుంటూ వెళ్లాను. టీచరుగారు టేబుల్ ఫ్యాన్ ఎత్తుకొచ్చారు. ఆ ఇంట్లో ఎవరొచ్చినా ముందు ఫ్యాను, తరవాత మంచినీళ్లు, ఆ తరవాతే కబుర్లు. "వద్దండి టీచరుగారూ, జలుబు" అన్నాను. కాఫీ తాగాను, మిషను నడుస్తూనే ఉంది. లేవబోతుంటే మాస్టారు కేకేశారు. "కదలకమ్మా! ఇవాళ మారింది ఒక్కటే. నీకు ఫ్యాన్ వెయ్యలేదు."

ఫ్యాన్ ప్లగ్గు పెట్టేది కూడా మిషనుకి కరెంటిచ్చే స్విచ్‌బోర్డులోనే. ఆ ప్లగ్గు వదులైపోయి, ఫ్యాన్ తిరిగేకొద్దీ లోపల రవ్వలు లేస్తున్నాయి, వాటి దెబ్బకే కంప్యూటర్ కనెక్షన్ తెగిపోతోంది. "మనకి కనబడని రవ్వ కేబుల్‌కి వినబడుతోందమ్మా" అని మాస్టారు పడీపడీ నవ్వారు. ఇన్నాళ్లూ మిషన్ని ఆపింది ఆ ఇంటి మర్యాదే!

ఇప్పటికీ మా ఇంట్లో ఏది చెడినా, ఆఖరికి మనుషుల మధ్య మాట చెడినా, నేను ముందు ఒక్కటే మార్చి చూస్తాను. ఆయన పక్కింట్లో లేకపోతే ఆ ఓపిక నాకెక్కడిది?

శనివారం ఆఖరి పలక బిగించారు. ప్లగ్గు కూడా మార్చెయ్యండి మాస్టారూ అన్నాను. "అది సోమవారం. ఇవాళ్టికి ఫ్యాన్ ఆపడం ఒక్కటే" అన్నారు. బయట ఎండ మండిపోతోంది. చర్చివాళ్లు, మా అత్తగారు, నేను, అందరం ఆ గదిలో చెమటలు కక్కుతూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మిషను ఒక్కో అక్షరమే చెక్కుకుంటూ పోతోంది. మాస్టారు మాత్రం దాని వంక చూడటం లేదు. ఇంటికొచ్చినవాళ్లు ఉక్కలో కూర్చోవడం ఆయన ప్రాణానికి ఒప్పలేదు. తాటాకు విసనకర్ర తీసుకుని ఒక్కొక్కరి ముందూ కాసేపు నిలబడి విసురుతూ, "ఏవనుకోకండేం, ఇంకొక్క అక్షరవేనండి" అంటూ గది చుట్టూ తిరుగుతున్నారు.