మంద కాసిన కళ్లు

మా నాయిన నిద్రపోడని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. నేనింకా ఎక్కువ చెప్పుకున్నాను, నా నోరు పడిపోను.

మాది సూర్యాపేట దగ్గర గొర్లు కాసే ఇల్లు. వరి కోతలయ్యాక నాయిన మందను మిర్యాలగూడ వైపు తోలుకుపోయేవాడు. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు తమ పొలాల్లో మంద పెట్టించుకునేవాళ్లు. కుక్కలూ దొంగలూ పడకుండా కాపరి తెల్లవార్లూ మెలకువగా ఉండాల్సిందే. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ణి. కాసేపు కాపలా ఉంటానని నేను ఒక్కసారీ అనలేదు. నాయినే గొంగడి నా మీద కప్పి, "నువ్వు పండుకో బిడ్డా, మంద నేను సూస్త" అనేవాడు. నేను హాయిగా పడుకునేవాణ్ణి. అట్లా పడుకుని, చదువుకుని, కోదాడలో లెక్చరర్‌నయ్యాను.

మోకాళ్లు అరిగి గొర్లు అమ్మేశాక నాయిన నా ఇంటికొచ్చాడు. మంద పోయినా నిద్ర మాత్రం తిరిగి రాలేదు. గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "మాకు వాచ్‌మన్‌తో పనిలేదు" అని కాలేజీలో జోకులు కూడా వేశాను. ఛీ! నాయిన ఎదురింటి అవిసె చెట్టు కొమ్మలు విరిచి మా స్కూటర్ ముందు మేతగా వేసిన రోజు గానీ సూర్యాపేట దవాఖానకు తీసుకుపోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

డాక్టర్ మొదట అడిగింది నిద్ర గురించే. "మొదటి సంది అంతే సార్" అన్నాను. ఏళ్ల తరబడి నిద్ర చాలనివాళ్లకు మతిమరుపు జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువట. "అదొక్కటే కారణమని చెప్పలేం. ఒక్కోసారి జబ్బే ముందుగా నిద్ర చెడగొడతది" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అనుకుంటాను. ఆ రోజు నుంచి నాకూ కంటి మీద కునుకు లేదు.

నాయిన గొర్లను ఏనాడూ లెక్కపెట్టలేదు. ముఖాలు చూసే ఏది తప్పిపోయిందో చెప్పేవాడు. అన్ని ముఖాలు గుర్తుపెట్టుకున్న మనిషికి నా ఒక్క ముఖం మిగిలితే చాలని రోజూ పొద్దున ఎదురుగా కూర్చుని అడుగుతున్నాను, "నేనెవర్ని నాయినా?" అని. పోయిన నెల దాకా చెప్పాడు.

నిన్న అడిగితే చాలాసేపు చూశాడు.

"ఎవరి పిలగానివో ఎర్కలేదు. కండ్లు గుంటలు పడ్డయ్. నువ్వు పండుకో బిడ్డా, మంద నేను సూస్త."