టీ నీళ్ళలో నానిన తొడుగు

ఆదివారం మధ్యాహ్నం, లండన్ క్రోయిడన్‌లో మన ఆరాధన జరిగే హాల్లో కుర్చీలు సర్దుతుంటే బావగారి ఫోను వచ్చింది. "తమ్ముడూ, మీ అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది" అన్నారు. చేతిలో ఉన్న కుర్చీ ఎక్కడ వెయ్యాలో తోచలేదు. చివరికి వంటగది తలుపు పక్కన, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే వేశాను. ఆ పూట అందులో ఎవరూ కూర్చోలేదు.

ఆమె నా తోడబుట్టింది కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడ కేర్ హోంలో ముసలివాళ్ళని లేపి, స్నానం చేయించి, అన్నం పెట్టే పని చేసేది. నేను వారమంతా గోడౌన్‌లో పార్సిళ్ళు మోసి ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి. ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కలేదు, చదివిందంతా బస్సులోనే. నేను గొంతు పెంచినప్పుడల్లా వెనక నుంచి మంచినీళ్ళ గ్లాసు ఒకటి చేతులు మారుతూ ముందుకొచ్చేది. అది అక్క పంపేది. ఆరాధన అయ్యాక, "ఇవాళ నరకాన్ని బాగా మండించావు తమ్ముడూ, ఇక్కడ కూర మాత్రం చల్లారిపోయింది" అనేది.

కొన్నేళ్ళ కిందట ఆమెకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. జుట్టు మళ్ళీ మొలిచింది. మన సంఘాల్లో పద్ధతి మీకు తెలుసు. గండం గట్టెక్కినవాళ్ళు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. అక్క చెప్పింది. చప్పట్లు కొట్టాం, పాట ఎత్తుకున్నాం, కేకు కోశాం. మన మట్టుకు ఆ జబ్బు అక్కడితో అయిపోయింది. సాక్ష్యం చెప్పిన మనిషి మళ్ళీ నొప్పి అనకూడదని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా అంటే సాక్ష్యం అబద్ధమైపోతుందని ఒక భయం మన మధ్య కాపురం ఉంది.

ఆపరేషన్‌లో ఆమె చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. అలా తీసేస్తే చెయ్యి నీరు పట్టి వాచే ప్రమాదం ఉంది, బరువులెత్తకూడదు. ఆ సంగతి మనం అడగలేదు, ఆమె చెప్పలేదు. అందరం కలిసి తినే ప్రేమవిందు రోజున ఎవరో "అక్కా, ఈ అన్నం డేక్సా ఓ పట్టు పట్టు" అన్నారు. పట్టింది. ఆ ఎండాకాలమంతా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంది.

"ఏంటక్కా, ఇంత ఎండలో ఫుల్ హ్యాండ్స్? ఫ్యాషనా?" అని ఒక చెల్లెలు ఆటపట్టించింది.

"మరి? లండన్ వచ్చి ఇన్నేళ్ళయింది, ఇప్పటికైనా ఫ్యాషన్ చెయ్యొద్దా?" అంది అక్క.

తర్వాత ఒకసారి ప్రార్థనకి అక్క వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. వంటింట్లో స్టీలు గిన్నె నిండా చిక్కటి టీ నీళ్ళు, అందులో ఏదో గుడ్డ మునిగి ఉంది. పొయ్యి దగ్గర ఒక బొలీవియా సోదరి నిలబడి ఉంది. తెల్లవారకముందే ఆఫీసులు తుడిచే పని ఆమెది. ఇద్దరికీ ఒకే హాస్పిటల్‌లో, ఒకే జబ్బుకి వైద్యం జరిగింది. పరిచయం అక్కడే.

"ఇదేంటక్కా?"

"చేతి తొడుగు. వాపు పెరక్కుండా బిగుతుగా వేసుకోవాలి. చర్మం రంగుదే ఇస్తున్నామంది నర్సమ్మ. మంచి పిల్లే పాపం. ఎవరి చర్మమో మాత్రం చెప్పలేదు." అక్క గరిటెతో తొడుగు పైకెత్తి చూసింది. "గులాబీ రంగు చెయ్యి వేసుకుని బస్సెక్కితే నా చెయ్యి నాతో రానట్టు ఉంటుంది తమ్ముడూ. నాది రాత్రంతా నాననిస్తా. మా చెల్లిది తొందరగా తీసేస్తా, అది నాకంటే తెలుపు."

"మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారు?"

"దాని ఇంగ్లీషు నాదాంట్లో సగం. నాది నీదాంట్లో సగం. నీదెంతో దేవుడికే తెలియాలి."

క్యాన్సర్ దాటిన ఆడవాళ్ళ కోసం నెలకోసారి కాఫీ సమావేశం ఉండేది, పగటి పూట, పని రోజున. డ్యూటీల రోటా కుదిరినప్పుడు ఈ ఇద్దరూ వెళ్ళి ఆ చివర కూర్చునేవారు. "అక్కడి తెల్లవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. బిస్కెట్లు ముందు మాకే ఇస్తారు. మా దాకా మాట వచ్చేలోపు టైమైపోతుంది" అంది అక్క. ఒంట్లో ఆవిర్లు, పట్టని నిద్ర, మళ్ళీ వస్తుందేమోనన్న దిగులు అన్నీ తిరిగి ఇంటికే తెచ్చుకునేవారు. వైద్యం అందరికీ ఒక్కటే చేశారు, కాదనను. వైద్యం తర్వాతి బతుకు మాత్రం తెల్లచర్మానికి కొలిచి కుట్టి ఉంది. రూపాన్ని కాక హృదయాన్ని చూసే దేవుడి ముందు ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

మనల్నీ వదలను. ప్రభువు అంగీ అంచు ముట్టి బాగుపడిన స్త్రీని తలుచుకోండి. ఆమె జబ్బు ఆ క్షణమే పోయింది. ఆయన నడిచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు, ఆగాడు. చావుబతుకుల్లో ఉన్న పిల్ల కోసం వెళ్తున్నవాడు, తోసుకొస్తున్న జనాన్ని ఆపి, ఆమె వణుకుతూ చెప్పిందంతా విన్నాడు. స్వస్థత అయ్యాక విన్నాడు, ప్రియులారా! మనం చప్పట్లు కొట్టి భోజనాలకి లేచాం.

ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే అక్క ముందుకొచ్చింది. కార్డిగన్ విప్పింది. టీ రంగు తొడుగులో ఉబ్బిన చెయ్యి అందరూ చూశారు.

"దేవుడు నన్ను బతికించాడు. అది నిజం. ఈ చెయ్యి బరువెత్తలేదు, పొద్దున లేస్తే భయమేస్తుంది. అదీ నిజమే. రెండూ ఈ నోటితోనే చెప్తున్నా."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో పెద్దాయన గొంతు సవరించుకుని, "విశ్వాసం తగ్గిందామ్మా?" అన్నారు.

"విశ్వాసం తగ్గలేదంకుల్, చెయ్యి వాచింది" అంది అక్క.

ఆ పూట డేక్సా మగవాళ్ళు మోశారు. వంటగది తలుపు వేసుకుని ఇద్దరు చెల్లెళ్ళు అక్కతో చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చేసరికి ముగ్గురి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత నడుం నొప్పి పట్టుకుంది. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్తే, మనుషుల్ని ఎత్తే పని కదా, పట్టేసి ఉంటుందని మాత్రలిచ్చి పంపారు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అవే మాత్రలు.

"పాత జబ్బు సంగతి గట్టిగా చెప్పావా అక్కా?" అన్నాను.

"ఇంగ్లీషు నోట్లో కూడబలుక్కునేలోపు ఆయన చెయ్యి తలుపు మీదుంది తమ్ముడూ."

సంఘమంతటి ముందు నిలబడి చెప్పగలిగిన మనిషి ఆ చిన్న గదిలో చెప్పలేకపోయింది. జబ్బు తిరిగొచ్చి ఎముకల్లో చేరిందని తెలిసేసరికి ఆలస్యమైంది. ముందే చూసి ఉంటే బతికేదా? నాకు తెలియదు. ఆమె మాట పూర్తయ్యేదాకా అక్కడ ఎవరూ ఆగలేదని మాత్రం తెలుసు.

సమాధి కార్యక్రమానికి ముందు సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. బొలీవియా సోదరి వచ్చి, ఎవరినీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళింది. సింకు పక్కన స్టీలు గిన్నె మూత పెట్టి ఉంది. అంబులెన్సు వచ్చిన పొద్దున అక్క ఆమె కోసమే కొత్త తొడుగు నానేసిందట. "నేను ముట్టుకోలేకపోయాను తమ్ముడూ" అన్నారు బావగారు. తొందరగా తీయాల్సినది అన్నాళ్ళూ అందులోనే ఉండిపోయింది. ఆ సోదరి దాన్ని పిండి, కడిగి, హీటర్ మీద ఆరేసింది. గోధుమ రంగు చుక్కలు నేల మీద పడుతుంటే చూస్తూ నిలబడింది.

మర్నాడు సమాధి దగ్గర ఆమె మా పక్కనే నిలబడింది. పెట్టె దించుతుంటే కోటు చెయ్యి పైకి లాక్కుని, వంగి, పిడికెడు మట్టి తీసుకుంది. అక్కకంటే తెల్లటి వేళ్ళు ఆమెవి. మణికట్టు నుంచి పైకి, ఆ తొడుగులో, అచ్చం అక్క చెయ్యి.